‘మన స్థాయికి తగిన’ కాలేజీని నిర్ణయించేదెవరు?

ఇంటర్ ఫలితాలూ, ఆ వెనుకే ఎప్‌సెట్ ర్యాంకులూ వెలువడగానే తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా ఒక సలహా వినిపిస్తుంది: ‘ఉన్నదాన్ని బట్టి ఆలోచించు, మన స్థాయికి తగిన కాలేజీ చూసుకో.’ సలహాలో తప్పు లేదు. అయితే దాని అర్థం అందరి విషయంలోనూ ఒకటి కాదు. స్థిరపడిన అగ్రకుల మధ్యతరగతి ఇంట్లో ‘స్థాయి’ అంటే ర్యాంకు మాత్రమే. అది చాలకపోతే యాజమాన్య కోటా ఉంది, ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి, మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉంది. అదే ర్యాంకు ఒక మాదిగ కూలీ ఇంట్లోనో, రజక కుటుంబంలోనో, లంబాడా తండాలోనో వచ్చినప్పుడు ‘స్థాయి’ అనే మాటలోకి తండ్రి సంపాదన, ఊరి బస్సు, పిల్ల మాట్లాడే ఇంగ్లిషు, చివరకు కులం కూడా చేరిపోతాయి. ‘నీకు అంత పెద్ద కాలేజీ ఎందుకు, అక్కడ నెగ్గుకు రాలేవు’ అనే మాట శత్రువులు అననక్కర లేదు. మేలు కోరే మేనమామలూ, లెక్చరర్లే అంటారు.

దీనికి ఫలితం వెబ్ ఆప్షన్ల జాబితాలో కనిపిస్తుంది. పట్నంలో చదివిన విద్యార్థి రెండు వందల ఆప్షన్లు పెడతాడు. ఊరి నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థి పది, పదిహేనుతో ఆపేస్తాడు. అవి కూడా తప్పకుండా వస్తాయని ఎవరో చెప్పినవే. భయపడుతున్న విద్యార్థికి అన్నిటికంటే ముందు తెలియవలసిన సాంకేతిక విషయం ఒకటి ఇక్కడే ఉంది. సీట్ల కేటాయింపు ర్యాంకుల వరుసలో జరుగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మీ జాబితాను పై నుంచి కిందికి చదువుతూ, అప్పటికి మీకు దక్కగల మొట్టమొదటి సీటును ఇస్తుంది. మొదటి ఇరవై ఆప్షన్లలో సీటు రాకపోతే ఇరవై ఒకటో ఆప్షన్‌కు వెళ్తుంది. పైన పెద్ద కాలేజీలు రాసినందుకు కింది కాలేజీలో మీ అవకాశం ఇసుమంత కూడా తగ్గదు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. కాబట్టి వాస్తవిక దృష్టి అవసరమైనది జాబితా అడుగు భాగంలో. పై భాగంలో దానికి పనిలేదు. పైన ఆశ పడడానికి పైసా ఖర్చు లేదు. అయినా మనవాళ్లు అక్కడే పొదుపు చేస్తున్నారు.

రెండో సంగతి, గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికను చదవడం. చాలామంది ఓపెన్ కేటగిరీ గడి చూసి గుండె జారిపోయి పేజీ మూసేస్తారు. తమ కేటగిరీ, అందులో బాలికలైతే బాలికల గడి వేరుగా ఉంటుందని తెలియదు. దీనికి పూర్తిగా ఎదురైన అపోహ మరొకటి ఉంది: రిజర్వేషన్ ఉన్నవాడికి రిజర్వుడు సీట్లు తప్ప మరేమీ రావని. ప్రతిభ ఆధారంగా ఓపెన్ సీటు పొందగలిగిన దళిత, బీసీ విద్యార్థిని ఓపెన్ కోటాలోనే లెక్కించాలన్నది 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు స్థిరపరచిన సూత్రం. ఓపెన్ అంటే అగ్రకులాల కోటా కాదు. ఈ ఒక్క ముక్క ఇంటర్ తరగతి గదుల్లో ఏటా ఒక గంట బోధించినా చాలా జాబితాలు మారిపోతాయి.

కానీ జాబితా నింపుతున్నది విద్యార్థే అని మనం అనుకుంటున్నాం. చాలాచోట్ల నింపేది కాలేజీ పీఆర్వో. పరీక్షలు ముగియక ముందే ఊళ్లలోకి దిగే ఈ మధ్యవర్తులకు ఎస్సీ, ఎస్టీ వాడలంటే ప్రత్యేకమైన ప్రేమ. కారణం తేలికే: ఆ పిల్లల పూర్తి ఫీజు సర్కారు నుంచి వస్తుంది. బస్ పాస్ ఇప్పిస్తామని, హాస్టల్ ఉచితమని, ల్యాప్‌టాప్ ఇస్తామని చెప్పి పదో తరగతి మెమో మొదలు అన్ని పత్రాలూ పట్టుకుపోతారు. లాగిన్ పాస్‌వర్డు వాళ్ల దగ్గర, ఓటీపీ వచ్చే ఫోను నంబరు కూడా ఒక్కోసారి వాళ్లదే. ఆ జాబితాలో ఉండేది ఒకే కాలేజీ, నాలుగు బ్రాంచీలు. మంచి ర్యాంకు వచ్చిన పిల్ల కూడా తలుపులు మూసిన ఆ గదిలోకే వెళ్తుంది. దానికి ఇంట్లో పెట్టుకునే పేరు ‘మన స్థాయికి తగిన కాలేజీ’. నిజానికి అది ఆ కాలేజీ లెక్కల పుస్తకానికి తగిన విద్యార్థి.

ఇక అసలు భయం, డబ్బు. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం తెలుగు నేలపై ఇంజనీరింగ్ విద్య సామాజిక ముఖాన్ని మార్చిందనడంలో అతిశయోక్తి లేదు. అయితే ఆ పథకంలోనే ఒక గీత ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు చెల్లించే విధానం ఉండగా, బీసీ విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు వస్తేనే సాధారణంగా పూర్తి ఫీజు. ఆ గీత దాటితే 35 వేల రూపాయలకు పరిమితం. ఈ విధానం దశాబ్దానికి పైగా కొనసాగింది. ఏటా లక్షన్నర ఫీజు ఉన్న కాలేజీలో పన్నెండు వేల ర్యాంకు బీసీ విద్యార్థికి సీటు వచ్చిందనుకుందాం. ప్రభుత్వం ఇచ్చేది పోగా ఏటా లక్షా పదిహేను వేలు, నాలుగేళ్లకు నాలుగు లక్షల అరవై వేలు ఇంటి నుంచి కట్టాలి. కల్లు గీసే ఇంటికో, మగ్గం నేసే ఇంటికో అది భూమి అమ్మితే తప్ప పుట్టని మొత్తం, భూమి ఉంటే. ఆ పిల్ల 35 వేల ఫీజు ఉన్న కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటే దాన్ని ఆత్మవిశ్వాస లోపం అనడం అన్యాయం. ఆమె వాస్తవాన్ని సరిగ్గానే చదివింది. ఆ వాస్తవాన్ని రాసింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు.

పూర్తి ఫీజుకు అర్హులైన వారి పరిస్థితి కూడా కాగితం మీద కనిపించినంత సాఫీగా లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారినా బకాయిలు వేల కోట్లలో పేరుకోవడం మారలేదు. సర్కారు చెల్లించని సొమ్ముకు కాలేజీ విద్యార్థిని పట్టుకుంటుంది: హాల్ టికెట్ ఆపుతుంది, చదువు ముగిశాక ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటుంది. సర్టిఫికెట్లు అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా ప్రకటించింది. కానీ కాంపస్ ఉద్యోగంలో చేరడానికి వారం గడువున్న కుర్రాడు యూజీసీ ప్రకటన పట్టుకుని పోరాడడు, అప్పు తెచ్చి కడతాడు. ఇంకో ఉచ్చు: యాజమాన్య కోటాలో చేరినా, స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ‘కౌన్సెలింగ్‌తో పనేముంది, నేరుగా చేరిపో, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం’ అనే మాట విన్నప్పుడు అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. రెండో విడత గురించి కూడా ఒక హెచ్చరిక చెప్పాలి. అందులో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు పొందితే పాత సీటు దానంతట అదే పోతుంది. చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగైనవి మాత్రమే అప్పుడు రాయాలి.

పెద్ద సంస్థలు ఖరీదైనవి, చిన్న కాలేజీలు చవకైనవి అన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన మరో నమ్మకం. చాలా సందర్భాల్లో నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం ఏటా లక్ష లోపు ఉంటే ఏ కులం వారికైనా పూర్తి మాఫీ, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు. స్వల్ప తేడాతో సీటు తప్పిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏడాది సన్నాహక కోర్సు కూడా ఉంది. అంటే ఫీజు విషయంలో ఊరి పక్క కాలేజీ కంటే ఐఐటీయే దళిత విద్యార్థికి ‘తగినది’. ఓబీసీల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు, కేంద్ర సంస్థలకు నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం విడిగా కావాలి. జూన్‌లో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే బదులు ఈ పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టుకోవాలి.

అయితే అక్కడ కూడా గుమ్మం దగ్గర ఒక కాపలా ఉంది. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత కూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు సాధించాడు. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టవలసిన 17,500 రూపాయలను గడువు సాయంత్రానికి కుటుంబం సమకూర్చింది కానీ, కొద్ది నిమిషాల తేడాతో చెల్లింపు జరగలేదు. సీటు పోయింది. ఆ పిల్లవాడు న్యాయస్థానాల మెట్లెక్కి సుప్రీంకోర్టు దాకా వెళితే, 2024 సెప్టెంబరు 30న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తన ప్రత్యేక అధికారాన్ని వినియోగించి సీటు ఇప్పించింది. దేశమంతా హర్షించింది. ట్యూషన్ ఫీజు మాఫీ చేసే వ్యవస్థకు మొదటి 17,500 గురించి ఆలోచన లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లలేక ఇలాంటి గడువుల దగ్గరే ఆగిపోయిన పిల్లల ‘వాస్తవిక ఎంపిక’ ఏమిటో మరి.

1913లో అంబేడ్కర్‌కు కొలంబియా విశ్వవిద్యాలయం అందుబాటులోకి రావడానికి ఆయన ప్రతిభ ఎంత కారణమో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనమూ అంతే కారణం. ‘ధైర్యంగా కలలు కనండి’ అని ఉపన్యసించేవారు ఈ రెండో కారణాన్ని తరచూ మరచిపోతుంటారు.

కొత్తగా వచ్చిన ఒక చిక్కు కూడా ఉంది. 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజించి 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా పంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పంపిణీ 1, 6.5, 7.5. వర్గీకరణ దశాబ్దాల పోరాట ఫలం, దాని న్యాయబద్ధతను ఇక్కడ తిరగదోడడం నా ఉద్దేశం కాదు. కౌన్సెలింగ్‌లో కూర్చునే పిల్లకు దీనివల్ల తక్షణం జరిగేదేమిటంటే, వర్గీకరణకు ముందటి చివరి ర్యాంకుల్లోని ‘ఎస్సీ’ గడి ఇక ఆమెకు దారి చూపదు. పాత పట్టికను నమ్మి పై ఆప్షన్లు వదిలేసినవారు నష్టపోతారు. తొలి గ్రూపులోని అత్యంత వెనుకబడిన కులాల సంగతి మరీ సున్నితమైనది. అరవై సీట్ల బ్రాంచీలో కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42 సీట్లు. అందులో ఒక శాతం అర సీటు కూడా కాదు. ఆ గ్రూపు పిల్లలు ఒకటి రెండు కాలేజీలకు పరిమితం కాకుండా వీలైనన్ని కాలేజీలు, బ్రాంచీలు రాయడం తప్ప మార్గం లేదు. బుడగ జంగాల పిల్లకు ఈ లెక్క ఎవరు చెబుతారు?

ఇంజనీరింగ్ ఒక్కటే దారి అన్నట్టు రాసుకుంటూ పోవడం కూడా సరి కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. దాన్ని తక్కువ చదువుగా చూడడం మన అహంకారం మాత్రమే. పదో తరగతి మార్కులతో ప్రవేశం ఇచ్చే ట్రిపుల్ ఐటీలు 2008లో ఏర్పడినప్పుడు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వెనుకబాటు పాయింట్లు అదనంగా కలిపారు. మార్కుల వెనుక ఉన్న బడిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని రాష్ట్రమే ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. ఎప్‌సెట్ ర్యాంకుకు అటువంటి ఆలోచన ఎందుకు విస్తరించలేదో విద్యార్థి సంఘాలు అడగవలసి ఉంది.

అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి, అన్నీ చిన్నవే. ప్రతి గురుకులంలో, ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఆప్షన్ల గడువు ముగిసేదాకా ఒక సహాయ కేంద్రం తెరిచి ఉంచాలి. అక్కడ పాస్‌వర్డు విద్యార్థి చేతిలోనే ఉండాలి. సీటు ఖాయం చేసుకునే తొలి చెల్లింపును సంక్షేమ శాఖే నేరుగా జమ చేయాలి. ఆప్షన్లు పెట్టే పేజీలో ఇప్పుడు కాలేజీ ఫీజు మాత్రమే కనిపిస్తోంది. లాగిన్ అయిన విద్యార్థి కులం, ఆదాయం, ర్యాంకు ప్రభుత్వం దగ్గర ఉన్నవే కనుక, ఆ ఫీజులో సర్కారు ఎంత కడుతుందో, ఇంటి నుంచి ఎంత కట్టాలో ప్రతి ఆప్షన్ పక్కన మరో గడిలో చూపించడానికి కొత్త చట్టం అక్కర లేదు.