భావనపాడు తీరం.. నడకకు హాయి, స్నానానికి ముప్పు

కోటబొమ్మాళి: మిత్రులతో ఒకరోజు సేదతీరాలనుకునే కోటబొమ్మాళి వాసులకు భావనపాడు తీరం అనువైనది. టెక్కలి మీదుగా నౌపడ ఉప్పు మడులను దాటి అక్కడికి చేరుకోవచ్చు. ఉదయం వేళ ఇసుకపై నడక ఆహ్లాదాన్నిస్తుంది. సముద్ర స్నానం మాత్రం ప్రమాదకరం. ఒడ్డుకు చేరిన అలల నీరు ఒక్కోచోట ఇరుకైన పాయగా మారి వేగంగా లోపలికి మళ్లుతుంది. అలలు విరగక ప్రశాంతంగా కనిపించే చోటే లాగుడు అధికంగా ఉండవచ్చు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా ఈదుతూ పాయ నుంచి బయటపడాలి. తోటివారు నీటిలోకి దూకకుండా తాడు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ విసిరి మత్స్యకారులను పిలవాలి.

తీరం నుంచి టెక్కలి చేరాక, పలాస వెళ్లి జీడిపప్పు కొనుగోలు చేయవచ్చు. 454 గ్రాములకు గరిష్ఠంగా 240 గుండు పప్పులు తూగితే అది 240 గ్రేడు. ఈ సంఖ్య పెరిగేకొద్దీ పప్పు పరిమాణం తగ్గుతుంది.