‘ఇంటికి తీసుకెళ్ళండి’ అన్న తర్వాత

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ దిగి రెడ్ హిల్స్ వైపు నడిస్తే రెండు పెద్దాసుపత్రులు ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. ఒకటి పిల్లల నిలోఫర్. రెండోది 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. దానికి మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టినా, జిల్లాల నుంచి వచ్చేవాళ్ళకు అది ‘క్యాన్సర్ దవాఖానే’. ఆదిలాబాద్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, కర్నూలు నుంచి, సరిహద్దు దాటి బీదర్, నాందేడ్‌ల నుంచి కూడా అక్కడికి పిల్లల్ని తెస్తారు. గుండు మీద టోపీ, మూతికి మాస్కు, చేతికి క్యాన్యులా ఉన్న పిల్ల తండ్రి భుజం మీద నిద్రపోతుంటుంది. రిపోర్టులన్నీ బట్టల దుకాణం క్యారీబ్యాగులో తల్లి చేతిలో ఉంటాయి.

వీళ్ళలో చాలామంది పిల్లలు బతుకుతారు. ఆ మాట ముందే చెప్పాలి. పిల్లలకొచ్చే రక్త క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం మందులకు బాగా లొంగుతుంది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా కోలుకుంటున్నారు. పేద దేశాల్లో ముప్ఫై మంది కూడా దక్కడం లేదు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం అరవై మందినైనా దక్కించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి చేసుకునే ఇంటి బిడ్డకు కూడా కీమో అందుతోంది. అది సామాన్యమైన మేలు కాదు.

కానీ మందు పని చేయని పిల్లలు కూడా ఉన్నారు. జబ్బు ముదిరాక వచ్చినవాళ్ళు, ఖర్చులకు తాళలేక మధ్యలో మానేసినవాళ్ళు, అన్నీ సక్రమంగా చేసినా జబ్బు తిరగబెట్టినవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు ఒకరోజు ఓపీలో ఒక మాట వింటారు: “ఇంక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి.” వెనక నలభై మంది లైనులో ఉంటారు. డాక్టరు రాతి గుండె మనిషేం కాదు, కూర్చోబెట్టి వివరంగా చెప్పే తీరిక ఉండదు, అంతే. ఒక్కోచోట “మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం” అని రాయించి సంతకం కూడా పెట్టించుకుంటారు. ఆ కాగితంతో ఆసుపత్రి బాధ్యత తీరిపోతుంది.

తండ్రి సాధారణంగా “ఎన్ని రోజులు సార్?” అని అడుగుతాడు. తల్లి అడిగేది వేరు: “రాత్రి నొస్తే ఏం జేయాలె డాక్టరమ్మా?” మొదటి ప్రశ్నకు ఎవరి దగ్గరా కచ్చితమైన జవాబు లేదు. రెండోదానికి ఉంది. ఆ జవాబు ఊరిదాకా చేరకపోవడమే ఏళ్ళ తరబడి మన పల్లెలు పడుతున్న కష్టం.

ఇంటికి చేరాక ఏం జరుగుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. మొదటి రెండు రోజులు చుట్టాలు వస్తారు. ఎముకల్లో పాకిన క్యాన్సరైతే నొప్పి రాత్రిపూట పెరుగుతుంది. పారాసెటమాల్ సిరప్ పోస్తారు, ఆగదు. ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, రెండు గంటలు ఆగుతుంది. సెలైన్ ఎక్కించమంటారు. అంతకంటే ఏం చేయాలో ఆయనకూ తెలియదు, ఆయనకు ఎవరూ నేర్పలేదు. పసరు మందు ఇచ్చేవాళ్ళ దగ్గరికి, దర్గాకు, మొక్కున్న గుడికి తిప్పుతారు. బిడ్డ మెలికలు తిరుగుతుంటే కన్నవాళ్ళు ఏ తలుపైనా తడతారు. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్తే ఫైలు చూసి మళ్ళీ హైదరాబాద్‌కే రాస్తారు. పుస్తెలతాడు ఎప్పుడో తాకట్టులో ఉంటుంది, ఇప్పుడు ఉన్న అరెకరం కూడా బేరానికి వస్తుంది. ఆ డబ్బుతో కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో మూడు రోజులు ఉంటారు. అద్దాల తలుపు అవతల బిడ్డ, ఇవతల తల్లి. చివరికి కిరాయి అంబులెన్సులో ఇంటికి.

ఇందులో చావును తప్పించలేకపోవచ్చు. మిగతాదంతా తప్పించగలిగినదే.

ఆ నొప్పికి మందు మార్ఫిన్. ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు, ఖరీదైనదీ కాదు. పది మిల్లీగ్రాముల మాత్ర కొన్ని రూపాయల్లో వస్తుంది. అయితే ఆ మాత్ర పెద్దవాళ్ళ కొలతకు చేసింది. పన్నెండు కిలోల పాపకు డాక్టర్లు మొదట్లో రెండు మూడు మిల్లీగ్రాముల దగ్గరే మొదలుపెడతారు. సిరప్ దొరికితే ఇబ్బంది లేదు. దొరకని చోట మాత్రను పొడి చేసి, కొలిచిన నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో ఎన్ని మిల్లీలీటర్లు లాగాలో నర్సు తల్లికి దగ్గరుండి చేసి చూపిస్తుంది, తర్వాత తల్లి చేత చేయిస్తుంది. నాలుగు గంటలకోసారి, గడియారం ప్రకారం. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత పోయాలో కూడా రాసిస్తారు. చదువు రాని తల్లికి సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇస్తారు. మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు దాని వెంట తప్పనిసరిగా ఉండాలి. ఇది మరిచిపోతే ఒక బాధ తగ్గించి ఇంకోటి అంటగట్టినట్టవుతుంది. “మత్తుమందు కదా, అలవాటైపోదా?” అని తల్లిదండ్రులు భయపడతారు. నొప్పికి తగిన మోతాదు డాక్టరు చూసుకుంటూ ఇస్తే ఆ భయం అక్కర్లేదు. సరిగా వాడితే అది ఊపిరి ఆపదు, ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది.

పిల్లలకు నొప్పి అంతగా తెలియదని వైద్యులే నమ్మిన కాలం ఒకటుంది. పసికందులకు సరైన మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. 1987లో కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అనే భారతీయ వైద్యుడు ఇంగ్లండ్‌లో తన పరిశోధనతో అది తప్పని తేల్చాడు. ఆ తప్పుడు నమ్మకం ఛాయ ఇప్పటికీ మన వార్డుల్లో ఉంది. ఏడ్చే పిల్లాడికి నొప్పి ఉందని అందరూ గుర్తిస్తారు. చాలా రోజులు నొప్పి పడ్డ పిల్లాడు ఏడవడు. కదలడు, బొమ్మ చేతికిచ్చినా ముట్టడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. “పాపం, ఇప్పుడు కాస్త నెమ్మదించాడు” అంటారు చూడ్డానికొచ్చినవాళ్ళు. తెలిసిన నర్సు మాత్రం మొహం, కాళ్ళు ముడుచుకున్న తీరు, ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా లేదా అన్నది చూసి నొప్పికి మార్కులు వేస్తుంది. మోతాదు సరిపడ్డ రెండో రోజు ఆ పిల్లాడే బొమ్మ కారు ఎక్కడని అడుగుతాడు. ఇంతకంటే పెద్ద రుజువు ఈ వైద్యానికి అక్కర్లేదు.

మరి ఇంత చౌక మందు జిల్లాల్లో ఎందుకు లేదు? నల్లమందు సాగు ఈ దేశంలోనే జరుగుతోంది, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో, ప్రభుత్వ లైసెన్సు మీద. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దొంగరవాణాను ఆపడానికి ఎంత కఠినంగా ఉందో, రోగి దగ్గరికి మందు చేరడానికి కూడా అంతే అడ్డమైంది. ఒక్క ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు తీరిపోయేది. మందుల షాపులు, ఆసుపత్రులు ఆ తలనొప్పి ఎందుకని అసలు తెప్పించడమే మానేశాయి. కేరళలో నొప్పి తగ్గించే ఉపశమన వైద్యాన్ని మొదలుపెట్టిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర జాబితాలోకి తెచ్చి, ఆసుపత్రికి ఒకే చోట గుర్తింపు తీసుకుంటే చాలన్నారు. చట్టం మారి ఇన్నేళ్ళయినా భయం పోలేదు. రిజిస్టరు రాయాలి, లెక్క చూపాలి, తేడా వస్తే ఉద్యోగానికి ఎసరు అనుకుని చిన్న ఆసుపత్రులు దాని జోలికే పోవు.

హైదరాబాద్‌లో మాత్రం పని జరుగుతోంది. ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రి పాలత్ చాలా ఏళ్ళుగా ఈ ఉపశమన వైద్య విభాగాన్ని నడుపుతున్నారు. పిల్లల కోసం అక్కడ ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు చొరవతో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పీస్ చివరి దశ క్యాన్సర్ రోగులకు డబ్బు తీసుకోకుండా సేవ చేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో ఉపశమన కేంద్రాలు తెరిచి, ‘ఆలన’ అనే బండ్లలో నర్సులను మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు పంపే పద్ధతి పెట్టింది. మన రాష్ట్రాల్లో ఇది గట్టి మొదటి అడుగు. అయితే ఈ ఏర్పాటు పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకున్నది. పక్షవాతం, ముదిరిన క్యాన్సర్, ముసలితనం. అయిదేళ్ళ పిల్లకు మోతాదు ఎంతో లెక్క కట్టే ధైర్యం, ఫిట్స్ వస్తే ఇంట్లోనే ముక్కులో కొట్టే స్ప్రే ఇవ్వడం, పాలు మింగలేని బిడ్డకు గొట్టం ద్వారా ఆహారం పోయడం తల్లికి నేర్పడం, ఇవన్నీ వేరే శిక్షణతో వచ్చేవి.

పైగా ఈ వైద్యం కావాల్సిన పిల్లల్లో క్యాన్సర్ వచ్చినవాళ్ళు కొద్దిమందే. కండరాలు ఏడాదికేడాది సచ్చుబడిపోయే డుషేన్ డిస్ట్రఫీ మగపిల్లలు, వెన్నెముక కండర క్షీణతతో ఊపిరందని పసివాళ్ళు, పుట్టేటప్పుడు మెదడు దెబ్బతిన్నవాళ్ళు, ఆపరేషన్ వీలుకాని గుండె జబ్బులవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. వీళ్ళకు చివరి రోజులంటే వారాలు కాదు, ఏళ్ళు. పదేళ్ళ కొడుకును రోజూ ఎత్తి దించే తల్లి నడుము, ఉద్యోగం మానేసిన తండ్రి, ‘నన్నెవరూ పట్టించుకోరు’ అనుకునే రెండో పిల్ల, అందరూ ఆ జబ్బులో భాగమే. ఉపశమన వైద్యం చావుకు వారం ముందు మొదలయ్యేది కాదు. జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచే, అసలు వైద్యంతో పాటే నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998 నుంచి చెబుతోంది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో తెరిచిన హెలెన్ హౌస్, ప్రపంచంలో తొలి పిల్లల హాస్పీస్, పుట్టింది కూడా అందుకే. బిడ్డను కొన్నాళ్ళు తమ దగ్గర ఉంచుకుని, తల్లిదండ్రులను కంటి నిండా నిద్రపోనిచ్చేందుకు.

ఇక బిడ్డతో ఏం మాట్లాడాలన్నది ఉంది. ఇంట్లో అందరూ ఒక్కటే మాట అనుకుంటారు: “వాడికి తెలియనీయొద్దు.” పెద్దమ్మ వచ్చి “నీకేం కాదురా, పరీక్షలు రాస్తవ్” అంటుంది. వాడు తలూపుతాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంటుంది. వాడు అది కూడా చూస్తాడు. పక్క మంచం అన్న ఎందుకు రాలేదో, నాన్న ఫోనులో ఎందుకు గొంతు తగ్గించాడో కలిపి చూసుకోవడం పిల్లలకు బాగా తెలుసు. అమెరికాలో మైరా బ్లూబాండ్-లాంగ్నర్ రక్త క్యాన్సర్ పిల్లల వార్డులో ఉండి చూసి 1978లో రాసిన పుస్తకం ఇదే చెప్పింది: ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తెలుసు, పెద్దవాళ్ళు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న 429 మంది తల్లిదండ్రులను అడిగి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. బిడ్డతో చావు గురించి మాట్లాడినవాళ్ళలో ఒక్కరు కూడా ‘ఎందుకు మాట్లాడామా’ అనుకోలేదు. మాట్లాడనివాళ్ళలో సుమారు నాలుగో వంతు మంది ‘మాట్లాడి ఉండాల్సింది’ అని కుమిలిపోయారు. మన ఇళ్ళ పద్ధతి వేరే కావచ్చు. ఆ మాట నేరుగా అనక్కర్లేదు. కానీ “నేను చచ్చిపోతానా అమ్మా?” అని బిడ్డ అడిగినప్పుడు నోరు మూయించకుండా, “ఎందుకట్ల అనిపించింది బిడ్డా?” అని పక్కన కూర్చోగలిగితే చాలు. చాలామంది పిల్లలు అడగదలుచుకున్నది చావు గురించి కాదు. నొప్పి వస్తుందా, నువ్వు నా దగ్గరే ఉంటావా, చెల్లి నా సైకిల్ తీసుకుంటుందా అని.

కేరళలో ఇది ఊరి పని అయింది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో రాజగోపాల్, సురేష్ కుమార్ మొదలుపెట్టిన చిన్న క్లినిక్కు చుట్టూ ఊరివాళ్ళు పోగయ్యారు. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన వైద్యానికి విధానం ప్రకటించి పంచాయతీలకు అప్పగించింది. పంచాయతీ నర్సు ఇంటికి వెళ్తుంది, పొరుగువాళ్ళు బియ్యం ఇస్తారు, ఆటో అతను కిరాయి తీసుకోడు. మన పల్లెల్లో మనసున్నవాళ్ళు తక్కువేం కాదు. క్యాన్సర్ పిల్ల వైద్యానికి ఊరంతా చందా వేసిన సంగతులు ప్రతి మండలంలో ఉన్నాయి. ఆ చందాతో ఐసీయూ బిల్లు కట్టే బదులు మార్ఫిన్ తెలిసిన నర్సును నిలబెట్టుకునే దారి మనకు ఎవరూ చూపించలేదు.

కావాల్సినవి పెద్ద కోరికలు కావు. ప్రతి జిల్లా ఆసుపత్రికి మార్ఫిన్ గుర్తింపు ఉండాలి, సిరప్ నిల్వ ఉండాలి. పిల్లల మోతాదు తెలిసిన ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఎం.ఎన్.జె.లాంటి చోట శిక్షణ పొంది ఉండాలి. హైదరాబాద్ నుంచి బిడ్డ బయల్దేరే రోజే ఆ జిల్లా కేంద్రానికి ఫోను వెళ్ళాలి. ఆశా కార్యకర్తకు ఆ ఇల్లు తెలిసి ఉండాలి. ములుగులోనో ఆసిఫాబాద్‌లోనో రాత్రి రెండు గంటలకు తల్లి ఫోన్ చేస్తే, అదనపు మోతాదు ఎంత పోయాలో చెప్పే మనిషి అటువైపు ఉండాలి. ఆ నంబరు డిశ్చార్జి కాగితం మీద, సంతకం పెట్టించుకునే గీతకు పైన, పెద్దక్షరాలతో రాసి ఇవ్వాలి.