మీకు తెలుసా? ఎండకు లొంగే ప్లాస్టిక్

అనంతపురం జిల్లా బెళుగుప్ప వీధుల్లో గోడకు బిగించిన పారదర్శక కరెంటు మీటరు పెట్టెను చూడండి. అది గాజు కాదు, చాలాచోట్ల పాలికార్బొనేట్. రాయి తగిలినా గాజులా పగలదు, బరువు గాజులో సగమే. కరెంటును పారనివ్వదు. దాదాపు 147 డిగ్రీల సెల్సియస్ వరకు మెత్తబడదు గనుక అనంతపురం వేసవి వేడి దానికో లెక్క కాదు.

అసలు చిక్కు ఎండలోని అతినీలలోహిత కిరణాలతోనే. అవి పాలికార్బొనేట్ అణువుల గొలుసులను తెంచుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ పలక పసుపెక్కి పెళుసవుతుంది. అందుకే మంచి పాలికార్బొనేట్ రేకులకు ఒకవైపు రక్షణ పూత ఉంటుంది. షెడ్డుపై వేసేటప్పుడు ఆ వైపే ఆకాశానికి ఉండాలి. తిరగేసి బిగిస్తే పెట్టిన డబ్బు ఎండపాలే.

మెట్ట ప్రాంతపు దుమ్ము కూడా తక్కువ శత్రువేమీ కాదు. ఈ ప్లాస్టిక్ దెబ్బను తట్టుకుంటుంది గానీ గీతను తట్టుకోదు. దీనితో చేసిన హెల్మెట్ అద్దాన్ని పొడి గుడ్డతో రుద్దకుండా ముందు నీళ్లతో కడగాలి. పెట్రోలు, థిన్నర్ అసలు వాడకూడదు, కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి.

1953లో జర్మనీలోని బాయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ విడివిడిగా పాలికార్బొనేట్‌ను తయారుచేశారు. చంద్రుడిపై నడిచిన అపోలో వ్యోమగాముల గుండ్రటి శిరస్త్రాణం, మన పాత పాటల సీడీలు రెండూ దీనితో చేసినవే.

20 లీటర్ల నీళ్ల క్యాన్లలో కొన్ని కూడా పాలికార్బొనేట్‌వే. దీని తయారీలో వాడే బిస్‌ఫినాల్ ఏ అనే రసాయనం లోపలి ద్రవంలోకి కొద్దిగా చేరవచ్చు కాబట్టి యూరోపియన్ యూనియన్ 2011లో పసిపిల్లల పాలసీసాల్లో ఆ రసాయనాన్ని నిషేధించింది. వేడికి అది ఎక్కువగా చేరుతుంది గనుక నీళ్ల క్యాన్‌ను ఎండలో వదిలేయకపోవడమే మేలు.