గోడ మీద గులాబీ, ఫోనులో పచ్చదనం

చీకటి గది. ప్రొజెక్టర్ కటకటమంటూ తిరుగుతోంది. 1970ల నాటి రంగుల ప్రింటు ఒక రీలు గోడ మీద పడుతోంది. వరిచేను గులాబీ, ఆకాశం గులాబీ, నాయిక కట్టిన తెల్లచీర కూడా రోజానీళ్లలో ముంచి తీసినట్టుంది. జేబులోంచి ఫోను తీసి ఆ గోడనే ఫొటో తీస్తే మాత్రం కథ మారిపోతుంది. ఫోనులో చీర ఇంచుమించు తెల్లగా కనిపిస్తుంది, చేలో లేని పచ్చదనం కాస్త తొంగిచూస్తుంది. ఆ ఫొటో పెట్టి, "రంగులు బాగున్నాయి" అని రాసి ప్రింటును ఆన్‌లైన్‌లో అమ్మితే అబద్ధమాడింది ఎవరు? మనిషా, ఫోనా?

చాలాసార్లు ఫోనే. అందులో ఆటో వైట్ బ్యాలెన్స్ అనే ఏర్పాటు ఉంటుంది. పసుపు బల్బు కింద తీసినా, నీడపట్టున తీసినా తెల్లకాగితం తెల్లగానే కనిపించాలని ఆ ఏర్పాటు. దృశ్యమంతా ఒకే రంగు వైపు మొగ్గితే, దాన్ని దీపం దోషమనుకుని ఫోను ఆ రంగును తగ్గించేస్తుంది. వెలిసిపోయిన ప్రింటులో ఆ గులాబీ దీపానిది కాదు, సరుకుది. ఆ తేడా ఫోనుకు తెలియదు. పెళ్లి ఫొటోల్లో మేలు చేసే తెలివే ఇక్కడ కొనేవాడి కొంప ముంచుతుంది.

ఇంతకీ గులాబీయే ఎందుకు? రంగుల ప్రింటులో బొమ్మ మూడు అద్దకాలతో ఏర్పడుతుంది: నీలి ఆకుపచ్చగా ఉండే సయాన్, గులాబీ ఛాయ ఉన్న మెజెంటా, పసుపు. అప్పటి ప్రింట్లలో ముందుగా వెలిసిపోయేది సయాన్, దాని వెనకే పసుపు. మొండిగా నిలబడేది మెజెంటా. వెలుతురు తగలక్కర్లేదు, డబ్బాలో మూతపెట్టి ఉంచినా ఈ క్షయం సాగుతూనే ఉంటుంది. వేడి, తేమ దాన్ని తొందరపెడతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో రేకుల కప్పు కింద పడివున్న డబ్బా సంగతి వేరే చెప్పాలా? 1980ల మొదట్లో కోడాక్ తక్కువగా వెలిసే ప్రింటు ఫిల్మ్ తెచ్చాక పరిస్థితి మెరుగైంది. అంతకుముందు అచ్చయిన ప్రింట్ల పని మాత్రం అయిపోయింది.

నలుపు తెలుపు ప్రింట్లకు ఈ గులాబీ జబ్బు లేదు. వాటిలో బొమ్మను మోసేది వెండి. ఆ రకంగా కడప జిల్లా మనుషుల పేరుమోసిన సినిమాలు కొన్ని అదృష్టం చేసుకున్నాయి. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' 1951 నాటిది. అదే ఏడాది 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' నిర్మించిన బి. నాగిరెడ్డి ఆయన తమ్ముడే. అన్నదమ్ములిద్దరూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. హాస్యనటుడు పద్మనాభానిదీ పులివెందుల తాలూకానే, సింహాద్రిపురం. పూర్తి రంగుల తొలి తెలుగు సినిమా 'లవకుశ' 1963లో వచ్చింది. గులాబీ బెడద ఆ తర్వాతి తరానిది. 2010ల్లో థియేటర్లు డిజిటల్‌కు మారాక సీడెడ్ (రాయలసీమ) ఊళ్లలోనే కాదు, దాదాపు ఎక్కడా రీలు డబ్బాతో పని లేకుండా పోయింది. ఇప్పుడు ప్రింటు అంటే సేకరించేవాళ్ల సరుకు. కొనేవాడు ఎక్కడో ఉంటాడు, రీలును చేత్తో పట్టుకోలేడు, అతనికి దిక్కు ఫొటో ఒక్కటే.

మరి నిజం చెప్పే ఫొటో తీయడమెలా? ఉపాయం ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో దొరుకుతుంది. గీటురాయి మీద నగను గీసి ఊరుకుంటే వన్నె తేలదు. పక్కనే వన్నె ముందే తెలిసిన బంగారంతో ఇంకో గీత గీయాలి. రెంటినీ పోల్చితేనే తీర్పు. ప్రొజెక్టర్ దగ్గర ఆ రెండో గీత ఉత్త వెలుగు. ఫిల్మ్ ఎక్కించకుండా దీపం వేసి, గోడ మీద పడ్డ ఖాళీ తెల్లటి దీర్ఘచతురస్రాన్ని ముందు ఫొటో తీయాలి. ఫోనులో ప్రో మోడ్ ఉంటే అక్కడే వైట్ బ్యాలెన్స్ సరిచేసి బిగించేయాలి. హాలోజన్ దీపం 3,200 కెల్విన్ దగ్గర పసుపుగా వెలుగుతుంది. జెనాన్ దీపం సుమారు 6,000 కెల్విన్, పగటి వెలుగుకు దగ్గర. గోడకు వేసిన సున్నం కూడా తన ఛాయ కలుపుతుంది. ఉత్త వెలుగును తెలుపుగా బిగిస్తే దీపం వాటా, గోడ వాటా రెండూ కొట్టుకుపోయి ఫిల్మ్ వాటా మాత్రమే మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కూడా అక్కడే బిగించాలి. లేకపోతే చీకటి రీలును ఫోను తనంతట తానే వెలిగిస్తుంది.

ఇలా తీసిన ఫొటో చూసి అమ్మేవాడే ఉలిక్కిపడవచ్చు: "నేను చూసినప్పుడు ఇంత ఎర్రగా లేదే!" నిజమే, ఉండదు. చీకట్లో పది నిమిషాలు కూర్చుంటే కన్ను కూడా గులాబీకి అలవాటు పడి సర్దుకుంటుంది. ఇక్కడ కంటి కంటే బిగించిన కెమెరా సాక్ష్యమే గట్టిది.

దృశ్యం ఎంపికలోనూ మోసం దాగుతుంది. జమ్మలమడుగు పక్క గండికోట లోయలాంటి ఎర్రరాళ్ల దృశ్యం పెడితే వెలిసిన ప్రింటు కూడా దివ్యంగా కనిపిస్తుంది. ఎర్రరాయి ఎర్రగా ఉంటే అనుమానించేదెవరు? ఆకులు, ఆకాశం, తెల్లపంచె, మనిషి ఒళ్లు కనిపించే ఫ్రేములే పరీక్షకు నిలుస్తాయి. అదీ ఒక్కటి చాలదు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండున్నర గంటల సినిమాలో 2,16,000 ఫ్రేములుంటాయి. పైగా ఒక ప్రింటు రీళ్లన్నీ ఒకేలా ఉండాలని లేదు. చిరిగిన రీలు స్థానంలో ఇంకో ప్రింటు రీలు వచ్చి చేరి ఉండొచ్చు. రీలుకో రెండు ఫొటోలైనా కావాలి.

నడుస్తున్న బొమ్మను తీయడంలో ఇంకో చిక్కు. ప్రొజెక్టర్‌లో తిరిగే షట్టర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లో మూడుసార్లో వెలిగించి ఆర్పుతుంది, అంటే సెకనుకు 48 లేక 72 మెరుపులు. ఫోను 1/500 సెకనులో ఫొటో తీస్తే మెరుపు దొరకవచ్చు, మధ్యలోని చీకటి దొరకవచ్చు, సగానికి నల్లపట్టీ పడవచ్చు. 1/24 సెకను పెడితే ఒక పూర్తి చుట్టు వెలుగు పడుతుంది. పక్క ఫ్రేము కూడా కొంత కలుస్తుంది కాబట్టి నటులు కదలని క్షణం చూసుకోవాలి. రీలును ఆపి తీద్దామంటే 35 ఎంఎం యంత్రంలో కుదరదు. ఆగిన ఫ్రేము దీపం వేడికి కాలిపోతుంది.

గీతలు మాత్రం ఫొటోలో ఒదగవు, వాటికి వీడియోనే తీయాలి. ప్రేక్షకులు "బొమ్మ మీద వాన పడుతోంది" అనేది ఈ నిలువు గీతల్నే. ఆ వానకు రంగులున్నాయి. ఫిల్మ్ వెనకవైపు, అంటే ప్లాస్టిక్ మీద పడ్డ గీత వెలుగును చెదరగొడుతుంది కాబట్టి తెర మీద నల్లగా కనిపిస్తుంది. బొమ్మ ఉన్నవైపు గీత పడితే సంగతి వేరు. రంగుల ప్రింటులో పై పొర మెజెంటా, మధ్యది సయాన్, అడుగుది పసుపు. పై పొర ఒక్కటే గీరుకుపోతే మిగిలిన రెండూ కలిసి ఆకుపచ్చ గీత. రెండో పొర కూడా పోతే పసుపు గీత. మూడూ పోతే తెల్లగీత. అక్కడ బొమ్మే లేదన్నమాట. "కొద్దిగా గీతలున్నాయి" అని రాసేకంటే అవి ఏ రంగువో రాస్తే కొనేవాడికి లోతు కూడా తెలిసిపోతుంది.

కొన్ని విషయాలు ఏ కెమెరాకూ చిక్కవు. ఎసిటేట్ ఫిల్మ్ చెడిపోతుంటే పులిసిన సిర్కా వాసన వస్తుంది. దానికి అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఏ-డి కాగితపు ముక్కలున్నాయి. డబ్బాలో పెడితే యాసిడ్ పెరిగేకొద్దీ నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారతాయి. ఆ ముక్కను రీలు పక్కన పెట్టి తీస్తే వాసనను ఫొటో తీసినట్టే. 1950ల తొలినాళ్లకు ముందటి ప్రింటైతే అంచున 'సేఫ్టీ' అనే మాట ఉందో లేదో చూడకుండా ప్రొజెక్టర్ ఎక్కించకూడదు, నైట్రేట్ అయితే భగ్గుమంటుంది. రీలు కొన్నవాడికి సినిమా మీద హక్కులు రావన్న ముక్క కూడా ప్రకటనలో రాసి తీరాలి.

ప్రొజెక్టర్ లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. మూడు నాలుగు ఫ్రేముల ముక్క కనిపించేలా ఫిల్మ్‌ను తెల్లటి దీపపు పెట్టె మీద పరిచి, అంచు రంధ్రాలతో సహా తీయాలి. 35 ఎంఎంలో ఫ్రేముకు ఇటు నాలుగు, అటు నాలుగు రంధ్రాలు. రంధ్రంలో ఫిల్మ్ లేదు, అద్దకం లేదు. అందులోంచి వచ్చేది ఉత్త వెలుగు. గీటురాయి మీది రెండో గీత ఫొటోలోనే దొరికిందన్నమాట. ఫొటో రంగులు ఎవరైనా దిద్దితే రంధ్రం కూడా వాటితోపాటే రంగు తిరుగుతుంది. వెలుగు మరీ ఎక్కువై రంధ్రం తెల్లగా పేలిపోతే ఈ పరీక్ష పనిచేయదు, అందుకని రంధ్రం లేత బూడిదగా వచ్చేలా తీయాలి. కొనేవాడు నాయిక ముఖాన్ని తర్వాత చూడొచ్చు. ముందు ఫొటోను పెద్దది చేసి అంచున ఆ చిన్న రంధ్రాన్ని చూస్తాడు. అది లేత ఆకుపచ్చగా ఉంటే, ఎవరో గులాబీని దాచారని అర్థం.