గుడిసెకూ గుడికీ ఒకటే వేరు

గుడిలో దేవుడుంటాడు, గుడిసెలో పేదవాడుంటాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ సాధారణంగా తోచదు. భాషాశాస్త్రం మాత్రం వీటిని అక్కచెల్లెళ్ళంటుంది.

తమిళంలో 'కుడి' అంటే ఇల్లు, కాపురం, వంశం. గుడిసెను తమిళులు 'కుడిసై' అంటారు, కన్నడిగులు 'గుడిసలు' అంటారు. మాట మొదట్లో తమిళంలో 'క' ఉన్నచోట తెలుగులో తరచుగా 'గ' వినిపిస్తుంది. వాళ్ళ 'కుదిరై' మనకు గుర్రం, వాళ్ళ 'కురుడు' మనకు గుడ్డి. అదే వరసలో వాళ్ళ కుడి మనకు గుడి. కాకపోతే తెలుగులో ఆ మాట మామూలు మనుషుల ఇంటిని వదిలి దేవుడి ఇంటికి స్థిరపడింది. మనుషుల వాటాకు గుడిసె మిగిలింది. బరో, ఎమెనో పండితులు 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకే కుదురులో కనిపిస్తాయి.

గుండ్రంగా ఉంటుంది కాబట్టి గుడిసె అన్నారేమో అనే ఊహ కూడా సహజమే. 'గుడుసు' అంటే గుండ్రన. చంద్రుడి చుట్టూ కనిపించే వలయం వరదగుడి. ఉత్తరాంధ్ర తీరంలో కట్టుకునే చుట్టిళ్ళు నిజంగానే గుండ్రంగా ఉంటాయి. మూలలు లేని గోడను గాలి చుట్టుకుని పోతుంది, కిందికి దిగిన కప్పు దానికి సులువుగా చిక్కదు. ఊహ ముచ్చటగానే ఉంది. కానీ సోదర భాషల్లో ఈ మాటకు ఇల్లు, కాపురం అనే అర్థాలే బలంగా ఉన్నాయి. అందుకే ఇంటి వైపే మొగ్గాలి.

ఈ మాట ఇంట్లోనే కూర్చోలేదు. సంస్కృతంలోని కుటి, కుటీరం, కుటుంబం కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్ళినవేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అంటే కుటీరం మనకు తత్సమంగా తిరిగొచ్చిన మన సొంత మాటే. మునికి కుటీరం, కూలివాడికి గుడిసె అంటూ మనం పెట్టుకున్న ఎక్కువ తక్కువలు ఆ వేరులో లేవు.

తమిళంలో కుడి అంటే ప్రజ కూడా. గణతంత్రాన్ని వాళ్ళు 'కుడియరసు' అంటారు. సంఘసంస్కర్త పెరియార్ 1925లో మొదలుపెట్టిన పత్రిక పేరు అదే. నేటికీ భారత రాష్ట్రపతి తమిళంలో 'కుడియరసు తలైవర్'. కేరళలోనైతే ఈ మాట చట్టంలోకే ఎక్కింది. భూస్వామి స్థలంలో గుడిసె వేసుకుని బతికేవాణ్ణి 'కుడికిడప్పుకారన్' అంటారు. 1970 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసంస్కరణల సవరణతో, పంచాయతీ ప్రాంతాల్లో అతనికి గుడిసె చుట్టూ 10 సెంట్ల వరకు కొనుక్కునే హక్కు దక్కింది.

తెలుగునాట గుడిసెకు పేర్లు చాలా ఉన్నాయి. పాక, కొట్టం, పూరిల్లు. పూరి అంటే గడ్డి, ఆ గడ్డి కప్పిన ఇల్లు పూరిల్లు. ఎండాకాలం మధ్యాహ్నం తాటాకు పాకలోకి అడుగుపెడితే చల్లగా తగులుతుంది. ఆకుల పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. తల వంచి చూరు దాటాలి. ఆ చూరులోనే కొడవలి, దువ్వెన, పాత ఉత్తరాలు దోపి ఉంటాయి. నడుమ నిట్టాడు నిలబడి కప్పును మోస్తుంటుంది. నులక మంచం మీద వెల్లకిలా పడుకుంటే పైన వాసాలు ఒక్కొక్కటీ లెక్కకు వస్తాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట ఇలాంటి కప్పు కింద పుట్టాల్సిందే, శ్లాబు కింద పుట్టదు. చూరు పట్టుకు వేలాడటమూ అంతే.

శ్లాబులు రావాలి, తడవని ఇల్లు అందరికీ కావాలి. కానీ గుడిసెలతోపాటు వచ్చిన మాటలు పోనక్కర్లేదు. మీ ఊళ్ళో పాకలు నేసిన పెద్దలు ఇంకా ఉంటే, కప్పులో ఏ కర్రను ఏమంటారో, ఏ ముడిని ఏమంటారో ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.