సాగరగర్భంలో చమురు

సముద్రాన్ని మన పూర్వులు 'రత్నాకరం' అన్నారు. భూమిని 'రత్నగర్భ' అన్నారు. ముత్యాలు, పగడాలు, మణులు మాత్రమే సంపదగా తెలిసిన కాలంలో పుట్టిన ఆ పేర్లు, గోదావరి కడలిలో కలిసే చోట, ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదంలో కొత్త అర్థాన్ని సంతరించుకున్నాయి.

చమురు కథకు ముందు ఒక మాట ముచ్చట. 'నూనె' అంటే మొదట నువ్వుల నెయ్యి. 'తైలం' కూడా తిలల నుండి, అంటే నువ్వుల నుండి వచ్చిన పదమే. గానుగాడి తీసిన ద్రవానికి పెట్టిన ఈ పేర్లు నేడు రాతిపొరల నుండి ఉబికే ద్రవానికీ చెల్లుతున్నాయి. 'పెట్రోలియం' అనే మాటకు శిలాతైలమనే అర్థం.

నదులు కోట్ల సంవత్సరాలుగా మోసుకొచ్చిన ఒండ్రు సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకుంది. ఆ పొరల్లో చిక్కిన సూక్ష్మజీవుల అవశేషాలు భూగర్భంలోని వేడిమికి, ఒత్తిడికి లోనై చమురుగా, సహజవాయువుగా మారాయి. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. తడి ఇసుకలో నీరు ఇమిడి ఉన్నట్లు, ఇసుకరాతి సందుల్లో చమురు ఇమిడి ఉంటుంది. దానిపై గట్టి బంకమట్టి రాయి మూతలా అమరితేనే అది నిలుస్తుంది.

ఆ మూత ఎక్కడున్నదో కనుగొనడమే తొలి పని. ఓడ నుండి ధ్వనితరంగాలను సముద్రంలోకి పంపి, పొరలను తాకి వెనుదిరిగిన ప్రతిధ్వనులను గ్రహించి, లోపలి రూపాన్ని చిత్రిస్తారు. పుచ్చకాయను వేలితో తట్టి పండిందో లేదో చెప్పే నేర్పు వంటిదే ఇదీ. తట్టి చెప్పినది తప్పే అవకాశమూ అలాగే ఉంది. బావి తవ్వితే గాని నిజం తేలదు. తవ్వేటప్పుడు బరువైన బురదద్రవాన్ని నిరంతరం బావిలోకి పంపుతూ, లోపలి ఒత్తిడిని అదుపు చేస్తారు. ఆ అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ ఎరుగును. 1995 జనవరి 8న పాశర్లపూడిలో, నేలపైనున్న బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు.

సముద్రంలో మనకు దక్కిన పెద్ద చమురు క్షేత్రం 'రవ్వ'. ఓ.ఎన్.జి.సి. దీనిని 1987లో కనుగొంది. 1994లో ప్రభుత్వం ఉత్పత్తి పంపక ఒప్పందం కుదుర్చుకొన్నది. 1996 నుండి కెయిర్న్ సంస్థ నిర్వహణ చేపట్టింది. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో ఉండటం వల్ల ఇక్కడ ఉక్కు వేదికలు నిలిపి, పైపుల ద్వారా చమురును సురసాని యానాం కేంద్రానికి తేగలిగారు. ఒక దశలో రోజుకు 50,000 పీపాల చమురు వచ్చింది. పీపా అంటే సుమారు 159 లీటర్లు. తొలి అంచనాకు రెట్టింపును మించి ఈ క్షేత్రం ఇచ్చింది. రవ్వ అంటే వజ్రమనీ, నిప్పుకణమనీ రెండర్థాలు. రెండూ దీనికి తగినవే.

లోతు పెరిగితే ఉక్కుకాళ్లు చాలవు. కె.జి.-డి6లో కొన్ని బావులు 2,000 మీటర్లకు మించిన నీటి అడుగున ఉన్నాయి. బావి ముఖద్వారాన్ని సముద్రపుటడుగునే అమర్చి, ఒడ్డునున్న గాడిమొగ నుండి నడుపుతారు. 2002లో కనుగొన్న ఈ వాయునిక్షేపం 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభించి, మరుసటి ఏడు రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లను దాటింది. అంతలోనే నీరూ ఇసుకా చొరబడి దిగుబడి పడిపోయింది. తొలి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడు డిసెంబరు నుండి పక్కనున్న కొత్త క్షేత్రాలు అందుకొన్నాయి.

2024 జనవరి 7న ఓ.ఎన్.జి.సి. 98/2 క్షేత్రం నుండి తొలిసారి చమురు తీసింది. ఈ చమురులో మైనం అధికం. శీతకాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్లు, సముద్రపుటడుగు చల్లదనానికి ఇది పైపులోనే పేరుకొనే ప్రమాదముంది. అందుకే ఒక పైపులో మరొక పైపును అమర్చి, నడుమ వేడి పోకుండా కట్టడి చేశారు. పైకి వచ్చిన చమురును అక్కడే నిలిచి ఉన్న ఓడ శుద్ధి చేసి నిల్వ ఉంచుతుంది. అది ఓడ అనడం కంటె తేలే కర్మాగారమనడం సబబు.

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొనే దేశానికి ఇక్కడి ప్రతి పీపా విదేశీ ద్రవ్యాన్ని మిగిల్చేదే. వాయువు ఎరువులకు, విద్యుత్తుకు ముడిసరుకు. ఉత్పత్తి పంపకంలో గుత్తేదారు ముందుగా తన ఖర్చు రాబట్టుకొంటాడు. మిగిలిన లాభంలో ప్రభుత్వానికి వాటా. ఖర్చు ఎక్కువ చూపితే లాభం తరుగుతుంది కనుక, లెక్కల తనిఖీ బావి తవ్వకమంత ముఖ్యమైనది.

అయితే ఏ ప్రభుత్వానికి? నేలపై బావుల రాయల్టీ రాష్ట్రానికి చెందుతుంది. సముద్రగర్భ సంపద, రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం, కేంద్రానిది. ఒడ్డున కేంద్రానికి భూమి ఇచ్చినదీ, పైపులు తమ ఊళ్ల గుండా పోనిచ్చినదీ కోనసీమ ప్రజలు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో వాయువు పైపు పేలి ఇరవైమందికి పైగా మరణించారు. 98/2 పైపుల పనుల వల్ల వేటకు పోలేకపోయిన మత్స్యకార కుటుంబాలకు లభించిన పరిహారం నెలకు 11,500 రూపాయలు.