గ్రూప్ రైడ్‌లో కాళ్లు మండిపోతున్నాయా? ఏ నొప్పి ఓర్చుకోవచ్చు.. ఎప్పుడు సైకిల్ దిగేయాలి?

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో గండిపేట వైపు వెళ్తే గుంపులు గుంపులుగా సైకిలిస్టులు కనిపిస్తారు. మొదటి అరగంట కబుర్లు, జోకులు. తర్వాత ఎవరో ఒకరు స్పీడ్ పెంచుతారు.. అంతే, మాటలు బంద్. ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినపడదు. తొడలు మండుతుంటాయి. అయినా ఎవరూ ఆగరు. వేలకు వేలు పోసి సైకిల్ కొనుక్కుని మరీ ఈ బాధ ఎందుకు? అసలు ఎంతవరకు ఓర్చుకోవాలి?

ముందు గాలి సంగతి చూద్దాం. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లు దాటితే మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ముందున్న వాళ్ల చక్రం వెనకే అంటిపెట్టుకుని వెళ్తే సుమారు పావు వంతు నుంచి మూడో వంతు శ్రమ మిగులుతుంది. కాస్త గ్యాప్ ఇచ్చామా, ఆ లాభం పోయినట్టే. పది సెకన్లు ఓర్చుకోలేకపోతే మిగతా దారంతా ఒంటరిగా గాలితో కుస్తీ పట్టాలి. గ్రూప్‌లో పళ్లు బిగించి తొక్కేది ఇందుకే.

అలాగని అందరికంటే వెనకుంటే హాయి అనుకోవద్దు. యూటర్న్ దగ్గర ముందువాళ్లు తిరిగి స్పీడ్ అందుకునే టైమ్‌కి చివరివాళ్లు ఇంకా బ్రేక్ మీదే ఉంటారు. మళ్లీ స్ప్రింట్ కొట్టి అందుకోవాలి. కొత్తవాళ్లు భయంతో చివర్లో ఉండిపోయి ప్రతి మలుపులో ఇలాగే అలసిపోతుంటారు. మధ్యలో ఉండటమే తెలివైన పని.

మరి ఆ మంట ఏంటి? లాక్టిక్ యాసిడ్ అని జిమ్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. నిజానికి లాక్టేట్‌ను గుండె, కండరాలు ఇంధనంగా వాడుకుంటాయి. గట్టిగా తొక్కినప్పుడు కండరంలో ఆమ్లత్వం పెరగడంతో పాటు చాలా రసాయన మార్పులు జరుగుతాయి. వాటిని నరాలు మెదడుకు చేరవేయడమే ఆ మంట. స్పీడ్ తగ్గిస్తే కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది. రెండు కాళ్లలో సమానంగా వచ్చి, తగ్గిస్తే తగ్గే మంట ఆరోగ్యవంతులకు ఓర్చుకోదగ్గదే. మర్నాడు మెట్లు దిగుతుంటే వచ్చే నొప్పి వేరు. అది కండరాల్లో జరిగిన సూక్ష్మమైన డ్యామేజ్ వల్ల.

ఇక గుంపు చేసే మాయ. 1898లోనే అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ రేసుల లెక్కలు తిరగేశాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడేవాళ్ల కంటే పక్కన మనుషులుంటే వేగం పెరుగుతోందని గమనించాడు. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పడవ పోటీల టీమ్‌ను పరీక్షించారు. బీపీ పట్టీ చేతికి బిగించి ఎంత నొప్పి తట్టుకుంటారో చూశారు. అంతే కష్టం ఒంటరిగా పడినప్పటి కంటే, టీమ్‌తో కలిసి పడ్డాక ఎక్కువ తట్టుకున్నారు.

వినడానికి బాగుంది కదా? కానీ డేంజర్ కూడా అక్కడే ఉంది. ఒంటరిగా ఉంటే ఆగిపోయేవాళ్లం గుంపులో ఆగం. అందరి ముందు పరువు పోతుందని ఒకటి, నొప్పి నిజంగానే తక్కువ తెలియడం ఇంకొకటి.

దీనికి సైక్లింగ్ ప్రపంచం ఇప్పటికీ గుర్తు చేసుకునే పేరు టామ్ సింప్సన్. బ్రిటన్ స్టార్ రైడర్. 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో మండుటెండలో మోంట్ వాంటూ కొండ ఎక్కుతూ తూలి పడిపోయాడు. మళ్లీ సైకిల్ ఎక్కించారు. కొంచెం దూరం వెళ్లి మళ్లీ పడ్డాడు, ఇక లేవలేదు. వయసు 29. ఒంట్లో యాంఫెటమైన్ ఆనవాళ్లు దొరికాయి. అలసట చెప్పే మాటను మాత్ర వినపడకుండా చేస్తే, ఎండ మిగతా పని చేసింది.

మన దగ్గర మాత్రలు లేకపోవచ్చు, ఎండ ఉంది. మార్చి దాటాక ఏడున్నరకే మండే రోడ్ల మీద ఒంట్లో చలి వణుకు, తల తిరగడం, వాంతి మొదలైతే రైడ్ అక్కడితో అయిపోయినట్టే. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే గ్యాస్ అని సర్దిచెప్పుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలిలో ఒకే చోట సూది గుచ్చినట్టుంటే అది కండరాల మంట కాదు. సీటు దగ్గర తిమ్మిరిని కూడా చాలామంది సిగ్గుతో దాస్తారు. లేచి నిలబడి తొక్కినా పోకపోతే దిగాలి. రైడ్ తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

ఎండ దెబ్బలో ఇంకో చిక్కుంది. మెదడు మీద ప్రభావం పడితే తన పరిస్థితి బాలేదని ఆ మనిషికే తెలియదు. "బాగానే ఉన్నా అన్నా, పదండి" అనే అంటాడు. కాబట్టి చూడాల్సింది పక్కవాళ్లే. లైన్ తప్పి అటూ ఇటూ ఊగుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా అతన్ని దింపి నీడలో పడుకోబెట్టాలి. బాటిళ్లలోని నీళ్లన్నీ తల మీద, ఒంటి మీద పోసి విసరాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి.